ఒకే సంచిలో రెండు నక్షత్రాలు

చియాంగ్ మై నగరం నుంచి మే రిమ్ పోయే బాట మీద ఒక ఖగోళ పరిశోధనాలయం ఉంది. అక్కడ విశ్వరహస్యాలు పట్టపగలే బయటపడతాయి. అదీ తరచుగా భోజనవేళకు. ఇందులో మహిమలేమీ లేవు. ఆ సంస్థవారి దుర్భిణి భూగోళానికి ఆవలి వైపు, చిలీ దేశపు ఎండు కొండ మీద కూర్చుని ఉంటుంది. అక్కడ రాత్రి రెండు దాటేసరికి ఇక్కడ కాంటీన్‌లో కేవ్ పెద్దమ్మ రెండో వాయి అన్నం దించుతుంది. కనుక మార్చి నెలలో అడవులు అంటుకొని, ఊరిని పొగ కమ్మి, ఎదురుగా ఉన్న దోయ్ సుతేప్ కొండ సైతం అదృశ్యమైపోయిన రోజుల్లో కూడా, ముక్కుకు గుడ్డ కట్టుకొని రెండు వేల కాంతి సంవత్సరాల అవతలి చుక్కను నిక్షేపంగా చూడగల మహద్భాగ్యం ఆ భవనంలోని పది పన్నెండు మందికి దక్కింది. వీధి అవతలి ఇల్లు మాత్రం వారికి కనపడదు.

ఆ భాగ్యవంతులలో ఒకతె కన్నికా. అయితే ఆ పేరు ప్రభుత్వ కాగితాలకే పరిమితం. పుట్టిన మూడో రోజున నాయనమ్మ తొట్టెలోకి తొంగిచూసి "జియబ్" అన్నది, అంటే కోడిపిల్ల. ముప్పయ్యో ఏడు నడుస్తున్నా, నక్షత్రాలను త్రాసులో వేసి తూచే విదుషీమణి అయినా, ఆమె నేటికీ కోడిపిల్లగానే చలామణి అవుతోంది.

తూచడమన్న మాట అలంకారానికి వాడింది కాదు. జియబ్ మూడేళ్లుగా ఒక జంట నక్షత్రాల వెంట పడింది. వాటికి పట్టికల్లో పదిహేడు అంకెల నామధేయం ఉంది. ఆమె మాత్రం ఒకదాన్ని పెద్దది అనీ, రెండోదాన్ని చిన్నది అనీ పిలిచేది. పెద్దది ఉబ్బి, కొంత చల్లారి, ఎర్రబడ్డది. చిన్నది తెల్లగా, కుదిమట్టంగా, మహా వేడిగా ఉన్నది. రెండూ ఇరవై ఏడు రోజులకొకసారి ఒకదాని చుట్టూ ఒకటి తిరిగి, మన వైపు నుంచి చూస్తే ఒకదాని వెనక ఒకటి దాక్కుంటాయి. ఎంత వేగంగా తిరుగుతున్నాయో చూస్తే బరువు తెలుస్తుంది. ఎంతసేపు దాక్కున్నాయో చూస్తే లావు తెలుస్తుంది. ఇది ఒక తూకం. ఇక ఆ జంటలో ఎవరిదో గాని గుండె కొట్టుకుంటోంది: ముప్పై ఒక్క నిమిషాలకొకసారి వెలుగు రవ్వంత పెరిగి రవ్వంత తగ్గుతుంది. ఆ కొట్టుకునే వేగాన్నిబట్టి నక్షత్రం లోపల ఎంత చిక్కగా ఉందో, దాని బరువెంతో చెప్పవచ్చు. ఇది రెండో తూకం. రెండు తూకాలూ ఒక్కటైతే ఆ నక్షత్రం గురించి మానవజాతికి ఇక అనుమానం ఉండనక్కర్లేదు. చిక్కల్లా ఒక్కటే: కొట్టుకుంటున్నది ఏది? ఇంత దూరం నుంచి చూస్తే రెండూ కలిసి ఒకే చుక్క.

ఈ చిక్కును ఆజాన్ తవిన్ ఏటేటా తరగతిలో ఒకే ఉపమానంతో వివరించేవారు. ఆజాన్ అంటే అక్కడ గురువు. తవిన్‌గారు జియబ్‌కే కాదు, ఆ భవనంలో సగం మందికి గురువు. "సంతలో దురియన్ పళ్లమ్మేవాడు పండును కర్రతో తట్టి, మోత విని, లోపల పండిందీ లేనిదీ చెబుతాడు. బాగుంది. రెండు పళ్లను ఒకే సంచిలో వేసి, మూతి బిగించి, బయటినుంచి తట్టమనండి. మోత వినపడుతుంది. మోగింది ఏ పండు?" అని అడిగి, విద్యార్థులు ఆలోచనలో పడ్డ ఆ రెండు నిమిషాల్లో అరవై మూడేళ్ల ఆ మహానుభావుడు కళ్లజోడు తుడుచుకొనేవారు.

చిన్నదే మోగిందని జియబ్ సిద్ధాంతం. చిన్నదనుకుంటే రెండు తూకాలూ వెంట్రుకవాసి తేడాతో కలుస్తున్నాయి. పెద్దదని ఆజాన్‌గారి సిద్ధాంతం. ఆయన నలభై ఏళ్లలో ఇరవై మూడు జంటలను పరిశీలించారు, ఎన్నడూ ఓడిపోలేదు.

"లెక్క కుదిరింది కాబట్టి నిజమంటావా, కోడిపిల్లా?" అన్నారు ఆయన ఫిబ్రవరిలో ఒకనాడు, ఆమె కాగితాల దొంతర పక్కకు జరిపి. "నా చొక్కా బొత్తాలు కూడా ఒక్కోరోజు కుదురుతాయి. ఆ రోజు నేను సన్నబడ్డానని అర్థమా?"

"మీ చొక్కాని మూడేళ్లు చూస్తూ కూర్చోలేదు కదండీ ఆజాన్. ఈ చుక్కని చూశాను."

"పెద్దదానికి పొట్ట ఉబ్బింది. ఉబ్బిన పొట్టే కదా గుడగుడలాడేది!"

పక్క బల్ల దగ్గర దుర్భిణి వ్యవహారాలు చూసే తుయ్ తల ఎత్తాడు. తుయ్ అంటే బొద్దు అని అర్థం. నాయనమ్మలు దూరదృష్టి గలవాళ్లు. "పొట్టల మాటొచ్చినప్పుడల్లా నా వంక చూడకండి ఆజాన్. నాది గుడగుడలాడదు."

"ఒక్కటే దారి" అన్నారు ఆజాన్, ఎవరి వంకా చూడకుండా. "చిన్నది పూర్తిగా పెద్దదాని వెనక దాక్కున్నప్పుడు చూడు. సంచిలోంచి ఒక పండు తీసేసి తట్టడమన్నమాట. అప్పుడూ మోగితే నాది గెలుపు. ఊరుకుంటే నీది. చూపిస్తే నీ గ్రంథం మీద సంతకం పెడతాను. చూపించకపోతే పెట్టను. నువ్వు నా కూతురంతదానివి కాబట్టి అసలే పెట్టను."

ఆ సంపూర్ణ గ్రహణం మార్చి పదమూడున, బుధవారం, చియాంగ్ మై కాలమానం ప్రకారం మధ్యాహ్నం ఒంటిగంటా నలభైకి మొదలై మూడుంపావు దాటాక ముగుస్తుంది. దాని తరవాతిది చిలీలో పట్టపగలు వస్తుంది. ఆ తరవాతిది సూర్యాస్తమయం వెలుగులో కొట్టుకుపోతుంది. ఆ పై వచ్చేది జూన్ నెలలో. జియబ్ పట్టా గడువు మే నెలాఖరు. ఎనిమిదేళ్లు నిండినవారిని విశ్వవిద్యాలయం సాదరంగా బయటికి సాగనంపుతుంది. అంటే కోడిపిల్ల ఎనిమిదేళ్ల చదువు నూట అయిదు నిమిషాల దాగుడుమూతల మీద ఆధారపడి ఉన్నదన్నమాట.

ఇటువంటి సందర్భంలో శాస్త్రజ్ఞులు చేయవలసిన పనే జియబ్ చేసింది: మొక్కుకుంది.

పరిశోధనాలయం ఆవరణలో, ఈశాన్యాన, ఒక స్తంభం మీద గువ్వగూడంత మందిరం ఉంది. అందులో నేలదొర ఉంటాడు. ఆ స్థలానికి అసలు హక్కుదారు ఆయన. సంచాలకులు వస్తుంటారు, పోతుంటారు. ఆయనకు మట్టి ఏనుగులన్నా, పూలదండలన్నా, పుల్ల గుచ్చిన ఎర్ర సోడా సీసా అన్నా ప్రీతి. మొక్కులో అస్పష్టత అంటే మాత్రం గిట్టదని కేవ్ పెద్దమ్మ చెబుతుంది. ఆ విషయంలో ఆవిడ మాటకు తిరుగులేదు.

"నీ పూర్తి పేరు, ఇంటి నంబరు, ఏ రోజు, ఏ గంట, ఏం కావాలి, ఏం ఇస్తావు, అన్నీ చెప్పాలే తల్లీ" అన్నది ఆవిడ. "మా చెల్లెలు ఉత్తినే 'పెళ్లి కావాలి దొరా' అంది. అయింది. ఎవరితోనో చెప్పలేదు కదా, ఇప్పుడు అనుభవిస్తోంది."

"నేను చీటీ రాసుకున్నా పెద్దమ్మా."

"ఏం ఇస్తానన్నావు?"

జియబ్ గొంతు తగ్గించింది. "గోళ్ల నాట్యం."

పెద్దమ్మ గరిటె ఆగిపోయింది. ఉత్తరదేశపు గోళ్ల నాట్యం అంటే పది వేళ్లకూ జానెడేసి ఇత్తడి గోళ్లు తొడుక్కొని, మేఘం కదిలినంత నెమ్మదిగా ఆడవలసింది. బడిలో జియబ్‌కు అది నేర్పబోయిన పంతులమ్మ మూడో రోజున ఆమెకు జెండా ఇచ్చి ముందు నడవమన్నది. ఆ తరవాత జెండా కూడా తీసేసుకున్నది.

"గుడ్లు ఉడికించి పెడతాననకపోయావా? దొర బెదిరిపోడూ?"

"పెద్ద కోరికకి పెద్ద మొక్కే కదా."

అటుగా కాఫీ కోసం వచ్చిన ఆజాన్ ఆగారు. "నేలదొరగారి అధికారం ప్రహరీగోడ దాకానే కదమ్మా. చిలీ ఆయన తాలూకాలోకి రాదే?"

"కంప్యూటరు ఇక్కడే ఉంది కదండీ ఆజాన్‌గారూ" అన్నది పెద్దమ్మ వెంటనే. "తీగ ఇక్కడే మొదలవుతుంది. ఆ కొస ఎక్కడ తేలితే దొరకేం?"

ఈ న్యాయశాస్త్ర పాండిత్యానికి ఆజాన్ తలవంచి కాఫీ తీసుకొని వెళ్లిపోయారు.

జియబ్ రాసుకున్నవి నిజానికి రెండు చీటీలు, రెండూ ఒకే గులాబీరంగు కాగితం ముక్కలు. ఒకటి దొరకు: దానికి కావలసిన సంవత్సరం దేశవాళీది, బుద్ధశకం 2567. రెండోది దుర్భిణికి: దానికి కావలసినది క్రీస్తుశకం 2024, ఎందుకంటే యంత్రాలు బౌద్ధం స్వీకరించలేదు. పొద్దున్నే స్నానం చేసి, దొర ముందు మోకరిల్లి, కళ్లు సగం మూసి, ఒక చీటీ గడగడా చదివి, దాన్ని సోడా సీసా కింద పెట్టి దణ్ణం పెట్టింది. పైకి వెళ్లి రెండో చీటీ చూసుకుంటూ దుర్భిణి వరసలో తన పరిశీలన నమోదు చేసి, చీటీని తెర అంచున అతికించింది. "స్వీకరించబడినది" అన్నది యంత్రం. మార్చి 13, 12:40 అని వరసలో కనపడింది. ఆ పక్కన సంవత్సరం గడి కూడా ఉంటుంది గాని, ఆజాన్‌గారి చూపు ఆనడం కోసం ఆ తెర మీది అక్షరాలను ముంజకాయలంత చేసినందువల్ల ఆ గడి ఎప్పుడో అంచు దాటి అజ్ఞాతవాసానికి వెళ్లిపోయింది.

ఇదంతా అయిన తొమ్మిదో నాడు, అంటే సాక్షాత్తు ఆ బుధవారం, పన్నెండూ ఇరవైకి, తుయ్ తెర ముందు కూర్చుని ముక్కు గోక్కున్నాడు.

"జియబూ, ఇంకో ఇరవై నిమిషాల్లో నీది మొదలవ్వాలి. దుర్భిణి వేరే వైపు చూస్తోందేంటి?"

"ఎవరిది నడుస్తోంది?"

"ఆజాన్‌ది. 'ఖాళీ దొరికితే నాది' అని పెట్టుకున్నారు చూడు, అది. ఖాళీ అనుకుంది."

"ఖాళీ ఏంటన్నా! నాది స్వీకరించింది కదా!"

తుయ్ తెరను పక్కకు జరిపాడు. అజ్ఞాతంలో ఉన్న గడి లోకానికి దర్శనమిచ్చింది. అందులో 2567 అని ఉంది. దాని పక్కన, యంత్రం సవినయంగా మిగిలిన కాలం కూడా లెక్కగట్టి పెట్టింది: 1,98,326 రోజులు.

జియబ్ తెర అంచున ఉన్న చీటీని చూసింది. 2567. తన చేతి రాత, చక్కగా, గుండ్రంగా. తొమ్మిది రోజులుగా ఆ అంకెను చూస్తూనే ఉంది. ఆ దేశంలో పాల డబ్బా మీద, బస్సు టికెట్టు మీద, పెళ్లి పిలుపు మీద ఉండేది ఆ అంకే. వింత అనిపించడానికి కారణం ఏముంది? రోజూ రెండు శకాలతో కాపురం చేసేవారికి ఒకనాడు ఇద్దరు పెళ్లాల పేర్లూ తారుమారు కాక తప్పదు.

"ఐదువందల నలభై మూడేళ్లు" అన్నది ఆమె.

"యంత్రం ఒప్పుకుంది చూడు. దానికి ఓపిక ఎక్కువ."

"అన్నా, ఇప్పుడే తీసెయ్యి! నాది పెట్టు!"

"నడుస్తున్నదాన్ని ఆపాలంటే దాని సొంతదారు ఒప్పుకోవాలి. ఆయనే స్వయంగా వచ్చి రహస్యపదం కొట్టాలి. ఆ నియమం రాసింది ఎవరనుకున్నావు?"

"ఎవరు?"

"ఆజాన్ తవిన్. ఆయనిప్పుడు ఖావ్ సోయ్ తింటున్నారు. ఫోను సొరుగులో పెట్టి వెళ్తారని నీకూ తెలుసు."

జియబ్ తుయ్ స్కూటర్ తాళాలు లాక్కొని పరుగెత్తింది. పొగలో బాట పాలు కలిపినట్టు ఉంది. పన్నెండూ నలభై ఒకటికి ఆమె, మారుతి తన మందగమనానికి సిగ్గుపడేంత వేగంతో, ఆ కొట్టు ముందు దిగింది. ఆజాన్ మూల బల్ల దగ్గర, మసీదు వీధి వారి పద్ధతిలో వండిన ఆ కోడికూర నూడుల్స్ గిన్నె ముందు, సర్వసంగ పరిత్యాగిలా కూర్చుని ఉన్నారు.

ఇక్కడ ఒక శక్తిని గురించి చెప్పుకోవాలి. అది గురుత్వాకర్షణ కన్న బలమైనది, చియాంగ్ మైలో మరీను. దాని పేరు మొహమాటం. గురువుగారు తింటున్నారు. తినేవారిని లేపడం తప్పు. తన పొరపాటు వల్ల లేపడం ఇంకా తప్పు. ఆయన పరిశీలన ఆపమని అడగడం మరీ తప్పు. ఆయన ఓడిపోవడానికి ఆయన్నే సాయం అడగడం ఏ శాస్త్రంలోనూ లేదు. నాలుగు తప్పులు ఒక గొంతులో ఇరుక్కుంటే మాట ఎక్కడిది? ఆమె చేతులు జోడించి నిలబడింది.

"ఓ, కోడిపిల్లా! తిన్నావా?"

"తిన్నానండీ ఆజాన్" అన్నది, నిన్న రాత్రి నుంచి ఏమీ తినని కోడిపిల్ల.

"నీ మొహం చూస్తే తెలుస్తూనే ఉంది. అమ్మాయ్, ఇంకో గిన్నె పట్రా, కాలుముక్క వేసి. కూర్చో."

కూర్చుంది. గిన్నె వచ్చింది. పొగలు కక్కుతోంది. జేబులో ఫోను వణికింది. "చెప్పావా?" అని తుయ్ అడిగాడు. "నిమ్మకాయ పిండుతున్నారు" అని ఆమె బల్ల కింద నుంచి జవాబిచ్చింది. రెండు వేల కాంతి సంవత్సరాల దూరాన చిన్నది పెద్దదాని అంచును తాకింది. "ఇప్పుడు?" అన్నాడు తుయ్. "ఉల్లిపాయలు వేసుకుంటున్నారు." ఒంటిగంట అయింది. వెలుగు పడిపోతూ ఉంటుందని, దాన్ని ఏ కన్నూ చూడడం లేదని ఆమెకు తెలుసు. కాలుముక్కను ఎముక దాకా తిన్నది. ఆజాన్ చారు ఒక్కో చెంచా, ఒక్కో చెంచా తాగుతున్నారు.

ఒంటిగంటా ఆరుకు ఆయన గోడ గడియారం చూసి ఉలిక్కిపడ్డారు. "ఇవాళే కదా నీ గ్రహణం! తెర ముందు ఉండక ఇక్కడేం చేస్తున్నావు?"

కట్ట తెగింది. "దుర్భిణి రాలేదండీ. వస్తుంది. ఐదువందల నలభై మూడేళ్ల తరవాత వస్తుంది!"

ఆజాన్ చెంచా దించారు. "శకమా?"

"శకమే."

"ఏ పరిశీలన నడుస్తోంది?"

"మీదే."

ఆయన ముఖం మెల్లగా ఎర్రబడింది. కోపమనుకొని ఆమె కళ్లు మూసుకుంది. తెరిచేసరికి ఆయన బల్ల మీద తల ఆన్చి, భుజాలు కుదిలిపోయేలా నవ్వుతున్నారు. "ఇది చెప్పడానికి వచ్చి, ఇరవై అయిదు నిమిషాలు కాలుముక్క పీక్కుతిన్నావా?"

"మీరు తింటున్నారు కదా అని..."

"నా గిన్నె నువ్వొచ్చేసరికే అయిపోవచ్చింది! నువ్వొక్కదానివే తింటే బాగుండదని ఖాళీ చారు తాగుతున్నానే! ఆ చారు నాకు పడదు కూడా! లే, లే!"

స్కూటర్ మీద వెనక కూర్చున్న ఖగోళాచార్యులు ముక్కుగుడ్డ లోంచి దారి పొడుగునా అరుస్తూనే ఉన్నారు. "ఎడమ పక్క నుంచి పో! లారీని దాటు! నీకు నడపడం ఎవరు నేర్పారే?"

"మీరే ఆజాన్! రెండో ఏడాదిలో!"

"మరి బాగానే నేర్పానే!"

ఒంటిగంటా ఇరవై తొమ్మిదికి ఆయన తెర ముందు కూర్చున్నారు. గదిలో తుయ్‌తో పాటు, సంగతి వాసన పట్టి వచ్చిన కేవ్ పెద్దమ్మ కూడా గరిటెతో సహా ఉంది. ఆజాన్ చేతివేళ్లు విరుచుకొని గంభీరంగా ప్రకటించారు: "రహస్యపదం. అందరూ గోడ వైపు తిరగండి."

"ఆజాన్, పదకొండు నిమిషాలే..."

"నియమం నియమమే. తిరగండి."

తిరిగారు. ఒక విశ్వఘటన ముంచుకొస్తున్న వేళ ముగ్గురు మనుషులు నిరుటి క్యాలెండరును భక్తిగా చూస్తూ నిలబడ్డారు. వెనక నుంచి ఆజాన్ ఒంటివేలితో కొడుతున్న చప్పుడు: టక్... టక్... చాలాసేపటికి టక్. పద్నాలుగో టక్ తరవాత "చ!" అని వినపడింది. మళ్లీ మొదటి నుంచి టక్... తుయ్ గోడకు నుదురు ఆన్చాడు. పెద్దమ్మ నేలదొరను తలుచుకుంటూ గొణిగింది.

ఒంటిగంటా ముప్పై ఆరుకు ఎక్కడో ఎడారి కొండ మీద ఆరు క్వింటాళ్ల ఇనుము తల తిప్పింది.

తెర మీద చుక్కలు పడసాగాయి. ఒక్కో చుక్కా అరనిమిషం వెలుగు. నాలుగు చుక్కలు ఒకదాని కింద ఒకటి, మెట్లు దిగినట్టు. అయిదోదీ, ఆరోదీ, ఏడోదీ సమానం. అడుగు తగిలింది. చిన్నది దాక్కుంది.

"మొదటి మోత ఒకటీ యాభై రెండుకు రావాలి, పెద్దదే అయితే" అన్నారు ఆజాన్. ఆయన బల్ల మీద చెంచా పెట్టుకున్నారు. కొట్టులోంచి చేత్తో తెచ్చేశారని అప్పుడే అందరికీ తెలిసింది. ఆ క్షణం రాగానే చెంచాతో ఒకసారి తట్టారు. తెర మీద గీత కదల్లేదు.

"ఒకటి పోయింది" అన్నది జియబ్.

"ఒక్కటే పోయింది. నువ్వు కూర్చో."

ఇక్కడ ఉత్కంఠ స్వరూపం విచిత్రమైనది. మనుషులు సాధారణంగా ఏదైనా జరగాలని ఎదురుచూస్తారు. ఆ గదిలో ఒక యువతి ఏమీ జరగకూడదని సమస్త ప్రాణశక్తితోనూ కోరుతోంది. గీత గీతలాగే, ఇస్త్రీ చేసిన పంచెలాగే, ఎద్దు అడ్డం తిరగని పొలంగట్టులాగే ఉండాలని వేడుకుంటోంది. గీత ఆమె మాట వింటూ పోయింది. రెండో మోతకు ఇంకా రెండు నిమిషాలు ఉందనగా ఒక చుక్క చటుక్కున పైకి ఎగిరింది.

పెద్దమ్మ కెవ్వుమంది. జియబ్ లెక్క కట్టేసుకుంది. పైకి లేస్తోంది, అంటే పెద్దది కొట్టుకుంటోంది, అంటే ఎనిమిదేళ్లూ, మూడేళ్లూ, కాలుముక్కా అన్నీ వృథా.

"నోరు మూసుకోండందరూ" అన్నారు ఆజాన్. ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, ముక్కు తెరకు ఆనేటంత దగ్గరగా చూశారు. గెలుపు ఆయన గుమ్మంలో నిలబడి తలుపు తడుతోంది; లోపలికి రమ్మనడానికి ఒక్క మాట చాలు. "ఒక్క చుక్క. పక్కవి రెండూ కిందే ఉన్నాయి. గుండె అరనిమిషంలో లేచి పడదు, అమ్మాయ్. తుయ్, ఆ బొమ్మ తెరు."

తుయ్ తెరిచాడు. ఆ ఒక్క బొమ్మకు అడ్డంగా తెల్లటి గీత, చాకుతో కోసినట్టు. ఎవరిదో కృత్రిమ ఉపగ్రహం తీరిగ్గా దాటిపోయింది.

"కొట్టెయ్" అన్నారు ఆజాన్. గుమ్మంలో గెలుపు ఉసూరుమని వెళ్లిపోయింది. ఆయన గడియారం చూసి చెంచాతో బల్ల తట్టారు. "రెండో మోత. రాలేదు."

మూడోదీ రాలేదు. రెండూ యాభై నాలుగుకు చెంచా మోగింది, నక్షత్రం మోగలేదు. మూడూ ఇరవై అయిదుకు నాలుగోసారి చెంచా లేచింది. సరిగ్గా అప్పుడే చిన్నది అంచు నుంచి తొంగిచూసింది. చుక్కలు మెట్లెక్కసాగాయి. ఎక్కడం నున్నగా లేదు, అల అలగా ఉంది; ఆ అల తాళం తప్పకుండా, తెర వెనక ఉన్నంతసేపూ తన పని తాను చేసుకుంటూనే ఉన్నట్టు, చెంచా లెక్కకు తు.చ. తప్పకుండా సరిపోయింది.

మొదట అరిచింది తుయ్. తరవాత ఎవరు ఎవరిని పట్టుకొని గెంతారో చరిత్రకు అందలేదు; గరిటె మాత్రం చల్లగాలి యంత్రం మీద దొరికింది. గెంతులాటలో కలవనివాడు ఆజాన్ ఒక్కరే. ఆయన కాగితం తీసుకొని, ఒంటివేలితో గణనయంత్రం నొక్కి, చిన్నదాని బరువు రెండు దారుల్లోనూ మళ్లీ కట్టారు. సూర్యుడికి ఒకటీ ముప్పాతిక రెట్లు. సూర్యుడికి ఒకటీ ముప్పాతిక రెట్లు. రెండుసార్లు రాసి, రెండింటికీ కింద గీత గీశారు.

"సంతకం ఎక్కడ పెట్టాలి?" అన్నారు.

జియబ్ ఏడుస్తూ, నవ్వుతూ, ఆయన ముందు వంగి దణ్ణం పెట్టింది. "రేపు ఆడాలండీ" అన్నది తరవాత, ముఖం వాడిపోయి. "గోళ్లతో. ఊరంతా చూస్తారు."

"దానికేం భయం లేదే తల్లీ" అన్నది కేవ్ పెద్దమ్మ. ఆవిడ జాకెట్టులోంచి గులాబీరంగు చీటీ బయటికి వచ్చింది. "పొద్దున సోడా మారుస్తుంటే దొరికింది. ఇదేనా నువ్వు దొరకి చదివింది?"

చదివారు. కన్నికా, ఇంటి నంబరు, మార్చి 13, మధ్యాహ్నం 1:40. సంవత్సరం: 2024.

తుయ్ వేళ్ల మీద లెక్క కట్టి పొట్ట పట్టుకున్నాడు. "దొరకి చెప్పాల్సింది యంత్రానికీ, యంత్రానికి చెప్పాల్సింది దొరకీ! యంత్రానికి ఐదువందల నలభై మూడేళ్లు ముందు, దొరకి ఐదువందల నలభై మూడేళ్లు వెనక!"

పెద్దమ్మ తీర్పు చెప్పింది. "దొర లెక్కలో రెండువేల ఇరవై నాలుగంటే ఎప్పుడో రాజుల కాలం. అప్పటికి ఈ గూడూ లేదు, ఈ ఆవరణా లేదు. గడువు దాటిన మొక్కు. చెల్లదు. నువ్వు ఆడక్కర్లేదు."

"అయితే ఇవాళ ఇదంతా ఎవరు చేసినట్టు?" అన్నది జియబ్, కొంచెం నొచ్చుకొని.

ఆజాన్ గొంతు సవరించుకున్నారు.

"నేనూ మొక్కుకున్నాను" అన్నారు. "నీ కన్నా ఒక గంట ముందు. పెద్దమ్మకి తెలుసు, సోడా ఆవిడ దగ్గరే కొన్నాను."

"మీది గెలవాలనా?"

"నలభై ఏళ్లుగా గెలుస్తూనే ఉన్నాను. ఎంత విసుగో నీకేం తెలుసు? ఇరవై మూడు జంటలు, ఇరవై మూడుసార్లు 'మీరు చెప్పిందే నిజం ఆజాన్'. నా దగ్గర చదివినవాళ్లలో ఒక్కరైనా నన్ను ఓడించాలని మొక్కుకున్నాను." ఆయన కళ్లజోడు తుడుచుకున్నారు. "సంవత్సరం సరిగ్గానే రాశాను."

"మరి... ఏం ఇస్తానన్నారు?"

ఆజాన్ సొరుగు లాగారు. ఫోను పక్కన, కాగితంలో చుట్టి, పది ఇత్తడి గోళ్లు ఉన్నాయి.

మర్నాడు పొద్దున్నే, పొగ ఇంకా చెట్ల మీంచి దిగకముందే, నేలదొర మందిరం ముందు పరిశోధనాలయం యావత్తూ గుమిగూడింది. తుయ్ పీపా బోర్లించి వాయించాడు. అక్షరాలను ఒంటివేలితో వెతుక్కునే ఆ మహాపండితుడు పది వేళ్లనూ జానెడేసి పొడిగించుకొని, మేఘాలను తలపించవలసిన చోట గాలిలో దోమలను తోలుతున్నట్టు చేతులు ఆడించారు. సంచాలకులు గంభీరంగా ముఖం పెట్టడానికి ప్రయత్నించి ఓడిపోయారు. మొక్కేమీ లేని జియబ్ కాసేపు నిలబడి చూసింది, తరవాత చెప్పులు విడిచి వచ్చి ఆయన పక్కన చేరింది. వచ్చిన మొదటి అడుగే ఆయన పాదం మీద వేసింది.

"అబ్బా! నీకేం బాకీ లేదు కదే, ఎందుకొచ్చావు?"

"మీరొక్కరే ఆడితే బాగుండదని ఆజాన్."